"సగటున తగ్గుతుంది కాబట్టి అన్నీ 1కి చేరతాయి": ఇది నిరూపణ ఎందుకు కాదు?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. ఏదో ఒక సంఖ్య తీసుకుంటాం. సరి సంఖ్య అయితే సగం చేస్తాం. బేసి అయితే మూడింతలు చేసి ఒకటి కలుపుతాం. వచ్చినదానికి మళ్ళీ అదే పని. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి 1 వస్తుందన్నది కొలాట్జ్ ఊహ. మీరు బీటెక్ చదువుతూ దీనిమీద ఆసక్తి పెంచుకున్నారు, 10 కోట్ల దాకా ప్రోగ్రామ్ నడిపారు, అన్నీ 1కే వచ్చాయి. తర్వాత మీకొక కారణం తట్టింది: బేసి వచ్చినప్పుడు సంఖ్య సుమారు మూడింతలవుతుంది, ఆ వెంటనే సగటున రెండుసార్లు సగం అవుతుంది, అంటే విడతకి ముప్పాతిక వంతే మిగులుతుంది, అలా తగ్గుతూ పోయేది ఎప్పటికైనా 1కి రాక తప్పదు. ఇది నిరూపణ అవుతుందా, అయితే ఎవరికి పంపాలి అని అడిగారు.

మీ లెక్క సరైనదే. కానీ అది నిరూపణ కాదు. ఎవరికీ పంపకండి, ఇప్పుడే కాదు. అలాగని చింపేయకండి కూడా. ఈ సమస్య మీద పనిచేసిన గణిత శాస్త్రజ్ఞుల్లో చాలామందికి ఈ ఊహ నిజమే అనిపించడానికి ఉన్న పెద్ద కారణం మీరు చెప్పిన ఆ ముప్పాతికే. దాన్ని మీరు ఎవరి పుస్తకమూ చూడకుండా సొంతంగా పట్టుకున్నారు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పాను. సంఖ్యా సిద్ధాంతం (నంబర్ థియరీ) నాకు ఇష్టమైన విషయం. ఈ ఆలోచనతో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో విద్యార్థులున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు, ఒక ఎలక్ట్రీషియన్ కూడా ఉన్నాడు. చదువుకునే రోజుల్లో నేనూ ఇదే లెక్క నాలుగు పేజీలు రాసి మా మాస్టారికి చూపించాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా చదివి ఒక్కటే అడిగారు: "ఇందులో ఒకటి కలిపిన సంగతి ఏ లైనులో వాడావు?" మళ్ళీ చదువుకున్నాను. ఎక్కడా వాడలేదు. "సుమారు మూడింతలు" అన్నప్పుడే ఆ ఒకటిని వదిలేశాను.

మీ నిరూపణలోనూ అదే జరిగింది. దానివల్ల ఏం నష్టమో చూడండి. ఒకటి కలపడానికి బదులు ఒకటి తీసేద్దాం. అంటే 3ఎన్+1 స్థానంలో 3ఎన్−1. సగటు మారదు. అప్పుడూ ముప్పాతికే. మీరు రాసిన ప్రతి వాక్యం అక్షరం మార్చకుండా ఇక్కడా సరిపోతుంది. ఇప్పుడు 5తో మొదలుపెట్టండి:

5, 14, 7, 20, 10, 5.

మళ్ళీ 5కే వచ్చింది. ఇక ఎన్నేళ్ళు తిప్పినా 1 రాదు. 17తో చూడండి:

17, 50, 25, 74, 37, 110, 55, 164, 82, 41, 122, 61, 182, 91, 272, 136, 68, 34, 17.

ఇదీ లూప్‌లో పడింది. మీ కారణం నిరూపణే అయితే 3ఎన్−1లో కూడా అన్నీ 1కి రావాలి. రాలేదు. రెండు పక్కపక్క సమస్యల్లో ఒకటి అబద్ధమని తేలినప్పుడు, ఆ రెంటికీ ఒకేలా సరిపోయే వాదన దేన్నీ నిరూపించదు. కొలాట్జ్ మీద ఎవరు ఏ నిరూపణ తెచ్చినా నేను మొదట పెట్టే పరీక్ష ఇదే. ఎక్కువ కాగితాలు ఇక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు సగటు సంగతి. ఇది కొంచెం లోతైన విషయం, నిదానంగా చదవండి.

సగటున రెండుసార్లు సగం అవుతుందని మీరెలా అన్నారు? బేసి సంఖ్యల్లో సగం, 4తో భాగిస్తే 3 మిగిలేవి. వాటిని మూడింతలు చేసి ఒకటి కలిపితే ఒక్కసారే సగం చేయగలం. మిగతా సగంలో సగానికి రెండుసార్లు, అందులో మిగిలిన సగంలో సగానికి మూడుసార్లు, ఇలా పోతుంది. కూడితే సగటు సరిగ్గా 2. ఇందులో తప్పు లేదు. కానీ ఇది బేసి సంఖ్యలన్నిటినీ కుప్పగా పోసి తీసిన సగటు. ఒకే సంఖ్య పట్టుకుని దాని వెంట వెళ్తున్నప్పుడు ప్రతి అడుగులోనూ ఆ కుప్పలోంచి కొత్తగా ఒకటి తీయడం లేదు. ముందు అడుగులో వచ్చినదాన్నే వాడుతున్నాం.

దీన్ని నాణెం ఎగరేయడంలా ఊహించుకుంటాం. ఇక్కడ నాణెం లేదు. బొమ్మో బొరుసో అంతా మొదటి సంఖ్యలోనే రాసి ఉంది. ఆ సంఖ్యని కంప్యూటర్ రాసుకున్నట్టు 0, 1 అంకెల్లో రాస్తే, బేసి అడుగునీ దాని వెంటనే వచ్చే సగాన్నీ కలిపి ఒక అడుగుగా లెక్కపెట్టినప్పుడు, చివరి పది అంకెలు మొదటి పది అడుగుల్లో ఏది సరో ఏది బేసో పూర్తిగా నిర్ణయిస్తాయి. అంతేకాదు, పది అడుగులకి ఎన్ని రకాల వరుసలు సాధ్యమో అన్నీ వస్తాయి. ప్రతి వరుసకీ సరిగ్గా ఒక్క పదంకెల తోక ఉంటుంది. అంటే పది అడుగులూ బేసే రావాలని మీరు కోరుకుంటే అలాంటి సంఖ్యని తయారుచేయవచ్చు.

కావాలంటే 31 తీసుకోండి. 0, 1 అంకెల్లో అది అయిదు ఒకట్లు.

31, 94, 47, 142, 71, 214, 107, 322, 161, 484, 242.

అయిదు విడతలూ ఎక్కుతూనే పోయింది. 31 అంటే 2⁵−1, 242 అంటే 3⁵−1. 127తో చేస్తే 2⁷−1 నుంచి మొదలై 3⁷−1, అంటే 2186 దాకా ఒక్క విడత కూడా దిగకుండా ఎక్కుతుంది. కోటి విడతలు వరసగా ఎక్కే సంఖ్య కావాలన్నా ఇదే పద్ధతిలో రాసి ఇవ్వొచ్చు. సగటు ముప్పాతికే, అయినా దానికి ఆ సగటు పట్టదు.

ఆ తర్వాత తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుందనే నేనూ నమ్ముతాను. చిక్కు ఎక్కడంటే, సంఖ్యలో మొదట ఉన్న అంకెలు వాడుకోవడం అయిపోయాక ఏం జరుగుతుందో చెప్పే సాధనం మన దగ్గర లేదు. 27ని చూడండి. అయిదు అంకెల్లో ఇమిడిపోయే చిన్న సంఖ్య. ఇక్కడి నుంచి ప్రతి సగాన్నీ విడి అడుగుగానే లెక్కపెడదాం. దాని పక్కనున్న 26 పది అడుగుల్లో 1కి వస్తుంది, 28 పద్దెనిమిది అడుగుల్లో వస్తుంది. 27 మాత్రం 9232 దాకా ఎక్కి, 111 అడుగులు నడిచి 1కి వస్తుంది. ఆ 111 అడుగుల్లో మొదటి కొన్నిటినే ఆ అయిదు అంకెలు నేరుగా చెప్తాయి. మిగతాది లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. సగటు లెక్క "ఎక్కువ సంఖ్యలకి" అన్న మాటని సమర్థిస్తుంది. "ప్రతి సంఖ్యకీ" అన్న మాటని సమర్థించదు. మీ నిరూపణలో విరిగిన చోటు ఇదే.

"ఎక్కువ సంఖ్యలకి" అన్నంతవరకు మీ ఆలోచన నిజంగానే సిద్ధాంతమైంది. 1976లో రిహో టెరాస్ అనే గణిత శాస్త్రజ్ఞుడు నేను పైన చెప్పిన తోకల లెక్కతోనే, దాదాపు అన్ని సంఖ్యలూ ఎప్పుడో ఒకప్పుడు తాము మొదలైన చోటు కన్నా కిందికి దిగుతాయని నిరూపించాడు. 2019లో టెరెన్స్ టావ్ దాన్ని చాలా ముందుకి తీసుకెళ్ళాడు. ఎంత నెమ్మదిగానైనా సరే, అంతులేకుండా పెరిగే ఏ గీతని మీరు గీసినా, దాదాపు అన్ని సంఖ్యలూ ఏదో ఒక దశలో ఆ గీత కిందికి వస్తాయని చూపించాడు. ఈ కాలపు మేటి గణిత శాస్త్రజ్ఞుల్లో ఒకడైన ఆయన కూడా "దాదాపు" అన్న మాటని తీసేయలేకపోయాడు. మీరు ఒక్క పేరాలో దాటేసిన దూరం అది.

ఇక ప్రోగ్రామ్ సంగతి. 10 కోట్లు తక్కువేమీ కాదు, కానీ 2020 నాటికే కంప్యూటర్ల మీద 2⁶⁸ దాకా చూశారు. అది 21 అంకెల సంఖ్య. అన్నీ 1కే వచ్చాయి. అయినా దాన్నెవరూ నిరూపణ అనరు. ఎందుకో చెప్పడానికి నేను క్లాసులో ఎప్పుడూ పోల్యా ఊహనే తీసుకునేవాణ్ణి. ప్రతి సంఖ్యనీ ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టి ఎన్ని ముక్కలొచ్చాయో లెక్కపెడతాం. 12 అంటే 2×2×3, మూడు ముక్కలు, బేసి. 1కి ముక్కలు సున్నా, అంటే సరి. 1 నుంచి మొదలుపెట్టి 2 దాకా గానీ, ఆపైన ఎక్కడిదాకా గానీ లెక్కపెట్టినా, బేసి ముక్కలున్న సంఖ్యలు సగానికి తగ్గవని 1919లో పోల్యా అనే గణిత శాస్త్రజ్ఞుడు అన్నాడు. మీ ప్రోగ్రామ్‌ని దీని మీద 10 కోట్ల దాకా నడిపితే ఒక్క తప్పూ దొరకదు. 50 కోట్లకీ దొరకదు. అది మొదటిసారి తప్పేది 90,61,50,257 దగ్గర. 1958లో హేజల్‌గ్రోవ్ ఈ ఊహ ఎక్కడో తప్పుతుందని నిరూపించాడు. సరిగ్గా ఆ మొదటి చోటు 1980లో గానీ దొరకలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. మహారాష్ట్రలోని దేవలాలిలో స్కూలు మాస్టారుగా పనిచేసిన కాప్రేకర్ 1949లో 6174 సంగతి బయటపెట్టారు. అంకెలన్నీ ఒకటే కాని ఏ నాలుగంకెల సంఖ్యనైనా తీసుకుని, అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి ఒకసారి, చిన్న నుంచి పెద్దకి ఒకసారి పేర్చి తీసివేస్తూ పోతే ఏడు అడుగుల్లోపు 6174 వస్తుంది. చూడ్డానికి కొలాట్జ్ లాగే ఉంటుంది. కానీ నాలుగంకెల సంఖ్యలు పదివేల లోపే కాబట్టి అక్కడ అన్నిటినీ వేసి చూడటమే పూర్తి నిరూపణ. మీ ప్రోగ్రామ్ దానికి చాలు. కొలాట్జ్‌కి ఎంత పెద్ద కంప్యూటరైనా చాలదు.

మరి ఆ ఒకటి ఏం చేస్తోంది? +1కీ −1కీ తేడా ఎక్కడ వస్తోంది? నా దృష్టిలో ఈ సమస్యలో అందమంతా ఇక్కడే ఉంది. సంఖ్య తిరిగి తన దగ్గరికే రావాలంటే, మూడింతలు చేయడం వల్ల పెరిగింది, సగం చేయడం వల్ల తగ్గింది దాదాపు సమానం కావాలి. అంటే 3 ఘాతం ఒకటి, 2 ఘాతం ఒకటి దగ్గరదగ్గరగా ఉండాలి. ఆ కాస్త తేడానీ కలుపుతూ వచ్చిన ఒకట్లు సర్దాలి. పైన 5 లూప్‌లో రెండు మూడింతలు, మూడు సగాలు ఉన్నాయి: 9, 8. 17 లూప్‌లో ఏడు మూడింతలు, పదకొండు సగాలు: 2187, 2048. రెండుచోట్లా 3 ఘాతమే పెద్దది, అందుకే ఒకటి తీసేసే ఆటలో అవి కుదిరాయి. ఒకటి కలిపే ఆటలో 2 ఘాతం పెద్దది కావాలి. 4, 3 కుదిరాయి, అదే మనకి తెలిసిన 1, 4, 2, 1 లూప్. ఆ తర్వాత 32, 27 ఉన్నాయి, 256, 243 ఉన్నాయి, కానీ వాటి తేడాతో ఒకట్ల లెక్క భాగారం కుదరదు.

2, 3 ఘాతాల ఈ దోబూచులాట సంగీతం నేర్చుకున్నవాళ్ళకి కొత్త కాదు. షడ్జమం నుంచి పంచమానికి పౌనఃపున్యం 3:2 నిష్పత్తిలో పెరుగుతుంది, ఒక స్థాయి ఎక్కితే రెట్టింపవుతుంది. అలా పంచమం మీద పంచమంగా పన్నెండుసార్లు ఎక్కితే ఏడు స్థాయిల పైన ఉన్న షడ్జమం దగ్గరికి వస్తాం, కానీ సరిగ్గా దాని మీదికి రాము. 3¹² అంటే 5,31,441. 2¹⁹ అంటే 5,24,288. ఎంత దూరం వెళ్ళినా ఈ రెండు రకాల ఘాతాలు ఎప్పుడూ కలవవు, ఎంత దగ్గరికి రాగలవన్నదే ప్రశ్న. 1977లో స్టైనర్, ఒక్కసారే ఎక్కి ఒక్కసారే దిగే లూప్ మనకి తెలిసినది తప్ప ఇంకొకటి లేదని నిరూపించినప్పుడు వాడింది ఈ దగ్గరితనం మీద వచ్చిన లోతైన సిద్ధాంతాలనే. 2005లో సైమన్స్, డె వెగర్ దాన్ని 68 ఎక్కుడు దిగుళ్ళ దాకా తీసుకెళ్ళారు. మీకు నిజంగా లోపలికి వెళ్ళాలనుంటే సగటు వైపు కన్నా ఈ వైపు తలుపు తట్టండి. ఇక్కడ ఆ ఒకటికి పని ఉంది.

నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఒకరి గురించి చెప్తాను. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. నాలుగేళ్ళ పాటు రాసిన రెండు లాంగ్ నోట్‌బుక్కులు పట్టుకుని వచ్చారు. 1 నుంచి వెనక్కి వెళ్తూ చెట్టు వేశారు: 1కి ముందు 2, దానికి ముందు 4, 8, 16, 16కి ముందు 32, 5 కూడా. కొమ్మలకి అంతు లేదు కాబట్టి చెట్టులో సంఖ్యలన్నీ వచ్చేస్తాయని ఆయన వాదన. అంతులేకుండా ఉండటం వేరు, అన్నీ ఉండటం వేరు. సరి సంఖ్యలకీ అంతు లేదు, అందులో ఒక్క బేసీ లేదు అని చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. నాకూ బాధేసింది. కానీ నోట్‌బుక్ తిప్పుతుంటే ఒక పేజీలో 3 పక్కన 13, 5 పక్కన 21, 7 పక్కన 29 అని జతలు గీసి ఉన్నాయి. ఇవేంటని అడిగితే, "ఇవి రెండూ ఎప్పుడూ ఒకే దారిలో కలుస్తున్నాయండీ, ఎందుకో తెలీదు" అన్నారు. నాలుగింతలు చేసి ఒకటి కలిపితే జత వస్తోంది. నా బల్ల దగ్గరే కూర్చోబెట్టి, ఆ ఒక్క మాటనీ నిరూపించమన్నాను. ఏ బేసి సంఖ్యకైనా దాని జతని మూడింతలు చేసి ఒకటి కలిపితే, మొదటిదానికి వచ్చిన ఫలితానికి సరిగ్గా నాలుగింతలు వస్తుంది. రెండుసార్లు సగం చేస్తే రెండూ ఒకటే. అర పేజీలో రాసేశారు. నాలుగేళ్ళ కష్టంలో మొదటిసారి ఎవరూ కాదనలేని నిజం ఆయన చేతుల్లోకి వచ్చింది. అది కొత్త విషయమేమీ కాదు, ఈ రంగంలో ఉన్నవాళ్ళకి తెలిసిందే. కానీ ఆయన దాన్ని తన కళ్ళతో చూసి తన చేత్తో నిరూపించారు.

రామానుజన్ పేరు మీ ప్రశ్నలోనూ వచ్చింది, ఇలాంటి సంభాషణల్లో ఎప్పుడూ వస్తుంది. ఆయన మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమస్తాగా ఉంటూ 1913 జనవరిలో కేంబ్రిడ్జ్ గణిత శాస్త్రజ్ఞుడు హార్డీకి రాసిన ఉత్తరాన్ని తలుచుకుని మనలో చాలామంది ధైర్యం తెచ్చుకుంటాం. తెచ్చుకోవాలి కూడా. అయితే అదే కాలంలో ఆయన ప్రధాన సంఖ్యల లెక్క గురించి రాసిన కొన్ని సూత్రాలు నిలబడలేదు. అంతటి అంతర్దృష్టి కూడా అక్కడ దారి తప్పింది. అంతర్దృష్టి ఎక్కడ చూడాలో చెప్తుంది. చూసింది నిజమా కాదా అన్నది విడిగా తేల్చుకోవాలి. రామానుజన్‌కైనా అంతే, మీకూ నాకూ అంతే.

ఒక హెచ్చరిక. ఇలాంటి నిరూపణలని డబ్బు కట్టించుకుని అచ్చువేసే పత్రికలు చాలా ఉన్నాయి. నాకు తెలిసిన ఒకాయన పదకొండు వేలు కట్టి తన కాగితం వేయించుకున్నారు. ఎవరూ చదవలేదు, ఎవరూ తప్పు చెప్పలేదు, ఆయన మాత్రం సమస్య తేలిపోయిందనుకుని అక్కడే ఆగిపోయారు. డబ్బు పోవడం కన్నా ఆలోచన ఆగిపోవడం నాకు ఎక్కువ బాధ కలిగించింది. మీకు అలాంటి మెయిల్ వస్తే జవాబివ్వకండి.

ఇప్పుడు మీరేం చేయాలంటే, ఆ ప్రోగ్రామ్‌ని పారేయకండి. దాంతో ప్రతి సంఖ్యా ఎన్ని అడుగుల్లో 1కి వస్తుందో ఒక పట్టిక వేయండి. 12, 13 రెండూ 9 అడుగులే. 20, 21 రెండూ 7. 28, 29 రెండూ 18. ఇది కాకతాళీయం కాదు. 8తో భాగిస్తే 4 మిగిలే ఏ సంఖ్యనైనా, దాని తర్వాతి సంఖ్యనీ తీసుకుని చేత్తో మూడు అడుగులు వేయండి, రెండూ ఒకే చోటికి వస్తాయి. కారణం మీకే కనబడుతుంది, ఒకటి కలపడం అందులో ఏం పని చేసిందో కూడా కనబడుతుంది. ఆ తర్వాత 14, 15 చూడండి. అవీ రెండూ 17 అడుగులే, కానీ 8తో భాగారం వాటిని వివరించదు. ఇంకా పెద్ద భాజకం కావాలి. అది ఎంతో, ఎందుకో కాగితం మీద తేల్చి ఇక్కడే రాయండి. నేను చదువుతాను, తప్పుంటే ఏ లైనులో ఉందో చెప్తాను.